దెయ్యానికి క్షవరం

తెర మీద బొమ్మ పడింది. కింద అక్షరాలు మాత్రం పడలేదు.

మేనేజరు మెట్లెక్కి ప్రొజెక్టరు గదిలోకి పరిగెత్తాడు. ఆపరేటరు పెదవి విరిచాడు. అది పాత జపాను సినిమా, ఒక పెద్ద నవల ఆధారంగా తీసింది. ఉచిత ప్రదర్శన కోసం పంపినవాళ్ళు మాటల అనువాదం లేని కాపీ పంపారు. టిక్కెట్టు కొన్నవాడు లేచిపోతే డబ్బు దండగవుతుందని కూర్చుంటాడు. ఇక్కడ ఎవరికీ ఆ మొహమాటం లేదు.

పైగా బాల్కనీలో హాలు యజమాని కూర్చున్నాడు. ఆయన పక్కన పరుపుల వ్యాపారి, జేబులో కొలత టేపుతో. "ఆఖరిదాకా సగం కుర్చీలైనా నిండి ఉంటే ఇంకో ఏడాది నడుపుకో. లేదంటే ఇది పరుపుల గోడౌను" అని యజమాని ముందే తేల్చేశాడు.

మేనేజరు ముందు వరసలోని వదిన దగ్గరికి వెళ్ళాడు. ఆమెది లైబ్రరీలో ఉద్యోగం. ఆ నవల చదివి, ఇంటిల్లిపాదికీ కథ చెప్పి ప్రాణం తీసింది.

"వదినా, మైకు పట్టుకుని కథ చెప్పాలి. నా పరువు నీ చేతిలో ఉంది."

"ఇంట్లో చెబుతుంటే ఆవులించావుగా మరిదీ?"

"బుద్ధి తక్కువై ఆవులించా. వీళ్ళు ఆవులించకుండా చూడు తల్లీ!"

వదిన మైకు అందుకుంది. గొడుగులు చేసే ఇల్లు. అన్నదమ్ములిద్దరు. పెద్దాడికి పెళ్ళాం మీద అనుమానం. ఆమె చెబుతుంటే జనం సర్దుకుని కూర్చున్నారు. పెద్దాడు అలిగి, తుఫానులో పడవెక్కాడు.

"కళ్ళారా చూసుకోండి. ఈ పడవ తిరిగి రాదు. పెద్దాడు పోయాడు" అంది వదిన గొంతు బరువు చేసుకుని. వెనక ఎవరో ముక్కు చీదారు.

మరుక్షణం పెద్దాడు తడితల తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

హాలు గొల్లున నవ్వింది. "ఏమ్మా, పోయాడన్నావు!"

నవలలో నిజంగానే పోయాడు. సినిమా తీసినవాడు బతికించాడు. వదిన మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. "పోయాడు బాబూ. వచ్చింది దెయ్యం."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. చిత్రంగా, ఆ అబద్ధం అతికింది. ఇంట్లో ఎవరూ పెద్దాడితో మాట్లాడరు. పెళ్ళాం తలెత్తి చూడదు. తమ్ముడు పక్కనుంచే పలకరించకుండా వెళ్ళిపోతాడు. లేచి హాలు తలుపుదాకా వెళ్ళినవాళ్ళు కూడా వెనక్కి వచ్చారు.

ఇంతలో పెద్దాడు వీధిలోకి వెళ్ళి మంగలి ముందు కూర్చున్నాడు. మంగలి మెడకు గుడ్డ చుట్టి కత్తెర తీశాడు.

"దెయ్యానికి క్షవరమేమిటమ్మా!" పరుపుల వ్యాపారి బాల్కనీలోంచి కేక పెట్టాడు.

జనం పడీపడీ నవ్వారు. యజమాని కుర్చీలోంచి లేచాడు.

"ఉన్నమాట చెబుతా వినండి," అంది వదిన. "నేను చదివిన కథ వేరు, వీళ్ళు తీసింది వేరు. ఆయన బతికే ఉన్నాడు. బతికున్న మనిషితో ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఎందుకో నాకూ తెలీదు. ఇక మీతోపాటే చూస్తాను."

మైకు కట్టేసింది. నవ్వులు సద్దుమణిగాయి.

"పెళ్ళానికి మనసు విరిగిపోయింది," అంది ఒకావిడ మెల్లిగా.

"కాదు, తమ్ముడే ఏదో ఎక్కించాడు. వాడి చూపు చూడు, దొంగ వెధవ!"

"కూర్చోండి సార్, కనబడటం లేదు," అన్నారెవరో. యజమాని కూర్చున్నాడు.

చివరికి వాన. పెద్దాడు వాకిట్లో తడుస్తున్నాడు. పెళ్ళాం గుమ్మం దాటి వచ్చి, గొడుగు విప్పి, అతని కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అతను ఏదో ఒక్క మాట అన్నాడు. తెర చీకటైంది.

లైట్లు వెలిగాయి. ఖాళీ కుర్చీల కోసం మేనేజరు వెతుక్కోవలసి వచ్చింది.

యజమాని కిందికి దిగి వచ్చాడు. "ఆఖర్న వాడేమన్నాడు?"

"తెలీదండీ."

"ఏడాది ఇచ్చాను. అక్షరాలున్న కాపీ తెప్పించి మళ్ళీ వెయ్యి."

వెనకే వచ్చిన పరుపుల వ్యాపారికి ఇవేవీ పట్టలేదు. "గొడుగిచ్చిందిగా, క్షమించినట్టే."

"ఇవ్వలేదయ్యా, కింద పెట్టింది!" అన్నాడు యజమాని.

"రెండూ ఒకటే!"

"నీకు పెళ్ళయిందా అసలు?"

ఇద్దరూ కీచులాడుకుంటూ గేటు దాటారు. టేపు జేబులోనే ఉంది.