తాడు రెండో కొస

ఆ ఉదయం ఏరు మోకాలి లోతే ఉంది. మంచుకొండ కరిగి పారే ఏరు అది, ఎండ ముదిరేకొద్దీ పొంగుతుంది. పొద్దున్నే దాటెయ్యాలని ఐస్‌లాండ్ కొండదారుల్లో జీపులు నడిపేవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. స్వావాకు అసలే అక్కరలేదు. ఇరవై రెండు వేసవులుగా నడుముకు తాడు కట్టుకుని ముందుగా నీళ్ళలో దిగి లోతు చూసేది ఆమే. ఒడ్డున తాడు రెండో కొస పట్టుకునేది ఆమె స్నేహితురాలు ఔస్దిస్. ఔస్దిస్‌ను దీసా అని పిలిచేది లోకంలో స్వావా ఒక్కతే.

మూడు రోజుల కిందటి వరకు.

కొండ మీది బసలో కోల్‌బ్రున్ తగిలింది. వాళ్ళిద్దరికంటే బాగా చిన్నది, నలభై ఏళ్ళ మనిషి, పాత చిన్న జీపులో ఒంటరిగా వచ్చింది. ఒంటరి బండి కనబడితే వెంట తీసుకుపోవడం ఈ దారుల మర్యాద. మాతో రమ్మని పిలిచింది కూడా స్వావాయే. ఇప్పుడు ఆ పిలుపే ఆమెకు గుచ్చుకుంటోంది. మర్నాటికల్లా వైర్‌లెస్‌లో దీసా, దీసా అంటూ కోల్‌బ్రున్ గొంతు, దాని వెనకే మధ్య జీపులోంచి ఔస్దిస్ నవ్వు. ముందు బండిలో ఒక్కతే కూర్చుని స్వావా ఆ నవ్వులు లెక్కపెట్టింది. తనతో ఔస్దిస్ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

ఏటి ఒడ్డున, రాళ్ళ మీద పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించుకున్నాక ఔస్దిస్ తాడు తీసి, కొసను కోల్‌బ్రున్ చేతిలో పెట్టింది.

"ఇవాళ నువ్వు పట్టుకో. ఒంటికి మాత్రం చుట్టుకోకు, ఆవిడ జారితే నువ్వూ పోతావు."

"ఆవిడ బరువు నేను ఆపగలనంటావా, దీసా?"

"ఆవిడ నోరు ఆపగలిగినవాళ్ళు లేరు గానీ, బరువు ఒక లెక్కా?"

ఇద్దరూ నవ్వారు. స్వావా నవ్వలేదు. పొగగొట్టం బోల్టు వదులైందని చెప్పి తన జీపు కిందికి దూరింది. బోల్టు బిగువుగానే ఉంది. దాన్ని విప్పింది, బిగించింది, మళ్ళీ విప్పింది. ఎవరు సాయానికి వస్తామన్నా వద్దంది. వీపు కింద రాళ్ళు గుచ్చుకుంటుంటే అలాగే మూడు గంటలు గడిపింది.

బయటికి వచ్చేసరికి నీటి అంచున ఔస్దిస్ గుర్తుగా పెట్టిన రాయి మునిగిపోయింది. ఇక రేపు పొద్దుటిదాకా దాటలేరు.

"తొందరుంటే దక్షిణం వైపు చుట్టుదారి ఉంది," అంది స్వావా, కోల్‌బ్రున్ మొహం చూడకుండా. కోల్‌బ్రున్ తెలివితక్కువది కాదు. తాడు చక్కగా చుట్టి స్వావా జీపు మీద పెట్టింది. వెళ్ళొస్తానని ఔస్దిస్‌ను కావలించుకుని బండెక్కింది.

దుమ్ము ఇంకా అణగలేదు. స్వావా ఫ్లాస్కు తెరిచి కాఫీ పోసి ఇచ్చింది. ఔస్దిస్ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. అయినా కాఫీ అంచు దాటి ఒలికింది.

"బోల్టు బాగానే ఉంది కదూ?"

స్వావా ఫ్లాస్కు మూత బిగించింది.

"నిరుడు నువ్వు జారినప్పుడు తాడు నా చేతిలోంచి జారిపోబోయింది. భయపడి నడుముకు చుట్టుకున్నాను. నీకు చెప్పలేదు." ఔస్దిస్ కప్పు కింద పెట్టింది. "ఈ వేళ్ళు ఇక దేన్నీ గట్టిగా పట్టుకోలేవు. వచ్చే వేసవికి నేను రాను. నీ తాడు పట్టుకునే మనిషి కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నాను. ఆ పిల్ల చేతులు చూశావా?"

స్వావా చూడలేదు. మూడు రోజులూ ఆమె చూసింది ఔస్దిస్ మొహాన్నే.

కొండ మలుపు దాటితే వైర్‌లెస్ అందదు. స్వావా జీపు దగ్గరికి పరుగెత్తి మీట నొక్కింది.

"కోల్‌బ్రున్, వెనక్కి రా. బోల్టు బాగానే ఉంది. కావాలనే ఆలస్యం చేశాను."

చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కోల్‌బ్రున్ గొంతు వచ్చింది.

"కాఫీ ఏమైనా మిగిలిందా, దీసా?"

వెనకే వచ్చిన ఔస్దిస్ మొహం విప్పారింది. అది తన కోసం కాదని స్వావాకు తెలుసు. అయినా మీట నొక్కి, మిగిలిందని తనే చెప్పింది.