కుడిచేతి కొలత

పరాయి దేశంలో, బర్కా అనే ఊళ్లో దుకాణం నడుపుకునే మదీహా, చనిపోయిన తన తల్లి హుస్నాకు ఆఖరి స్నానం చేయిస్తోంది. నీళ్లు ముందు కుడివైపు పోయాలి. కుడిచెయ్యి ఎత్తుతూ అలవాటుగా, "వాపుంది ఖాలా, మెల్లగా" అంది.

నీళ్లు పోస్తున్న పిన్ని వరస ఖాజాబీ చెంబు దించింది. ఆమెదీ హుస్నాదీ ఒకే ఊరు, నందలూరు.

"వాపు కాదు మదీహా. టెన్నిస్ ఆడిన చెయ్యి."

మదీహాకు అర్థం కాలేదు.

"రైల్వే క్లబ్బులో ఇంగో ఆడపిల్ల లేక మగోళ్లతోనే ఆడి నేర్చుకున్యాది. రాష్ట్రంలో ఆడోళ్ల కప్పు గెల్చింది. మా ఊర్లో ఆమే మొదలు. ఆ ఏడే పెండ్లిచూపులు. వచ్చినోళ్లు కప్పు చూడల్యా, చెయ్యి చూసినారు. ఆడదానికి ఈ మగచెయ్యేందని లేసిపోయినారు. తర్వాత వచ్చిన మీ అబ్బా వాళ్లకు మీ అమ్మ ఇంట్లోవాళ్లు వాపని చెప్పినారు. ఎవురికీ చెప్పొద్దని మీ అమ్మ నాతో ఒట్టేయించుకున్యాది."

మదీహా ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. తగ్గాలని ఏళ్ల తరబడి తాను నూనె రాసి పిసికిన చెయ్యి. అమ్మ ఒక్కసారీ వద్దనలేదు, కళ్లు మూసుకుని పిసికించుకునేది. టైలరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, కుడిచేతికి అంగుళం వదులు పెట్టమని గుర్తుచేసేది.

స్నానం అయ్యింది. ఖాజాబీ ఒంటికి చుట్టే తెల్లటి కఫన్ గుడ్డ విప్పి పరిచింది.

"కుడిచేతికి కాస్త వదులు..." అనబోయి మదీహా ఆగిపోయింది.

కఫన్‌కు చేతులు కుట్టరు.