ముందు బండి

దీపం ఉన్న బండివాడి మీదే దీపం లేదని కేసు రాశారు. ఒకసారి కాదు, చాలాసార్లు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, మా ఉద్దానంలో అప్పట్లో అది విడ్డూరమని ఎవరికీ తోచలేదు. తోచింది ఒక్క సూరమ్మకే. అదీ వ్యవహారం ఆమె మొగుడి మెడకు చుట్టుకున్నాకే.

మా ప్రాంతం గంజాం జిల్లాలో ఉన్న రోజులవి. సముద్రపు ఒడ్డు తోటల నుంచి పలాస స్టేషనుకు కొబ్బరికాయలు ఎడ్లబళ్ళ మీదే వెళ్ళేవి. ఎండకు ఎడ్లు ఆగలేవని పొద్దు వాలాక బళ్ళు కట్టేవారు. అన్నీ ఒకే వరసలో సాగేవి. ముందు బండివాడు మేలుకుని తోలాలి. వెనకవాళ్ళు కాయల మీద గోనెలు పరుచుకుని హాయిగా నిద్రపోవచ్చు. ముందు బండిని చూసుకుంటూ వాళ్ళ ఎడ్లు వాటంతటవే నడుస్తాయి. లాంతరు కూడా ముందు బండికే. చీకటి పడితే ప్రతి బండికీ దీపం ఉండాలని సర్కారువారి రూలు. అందరికీ కిరసనాయిలు దండగ కదా అని మావాళ్ళ తెలివి.

పలాస దగ్గర పెద్ద రోడ్డెక్కగానే పోలీసు ఆపేవాడు.

"ఎవడిదిరా ఈ వరస?"

"నాదే బాబూ" అనాలి ముందు బండివాడు. అది ఆనవాయితీ. వెనకవాళ్ళను లేపకూడదు, వాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు. జరిమానా పడితే అందరూ తలా కొంచెం వేసుకునేవారు. కాగితంలో పేరు మాత్రం ఒక్కడిదే.

ఆ ఒక్కడు సూరమ్మ మొగుడు గున్నయ్య. అతని ఎడ్లకు దారి తెలుసు, అతనికి కాదనడం తెలియదు. అందుచేత ఏళ్ళ తరబడి ముందు బండి అతనిదే అయిపోయింది.

ఒకనాడు అతను టెక్కలి కోర్టు నుంచి మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"ఏటయింది మావా?" అంది సూరమ్మ.

"మేజిస్ట్రేటుగారు కేకలేసినారే. ఎన్నిసార్లు జరిమానా ఏసినా దీపం ఎట్టనోడివి ఈ తాలూకాలో నువ్వొక్కడివేరా అన్నారు. ఈ కేసు వాయిదా ఏసినారు, ఆ రోజు బిళ్ళ పీకించెయ్యమని రాత్తారట."

బిళ్ళంటే బండి పక్కచెక్కకు కొట్టిన రేకుబిళ్ళ. అద్దెకు తోలే బండికి అదే లైసెన్సు, దాని మీదే నంబరు. అది ఊడితే బండి వాకిట్లో ఎండి పగలాల్సిందే. గున్నయ్యకు సెంటు భూమి లేదు. ఆ బండీ ఆ ఎడ్లే అతని కాపురం.

"నా బండికి దీపం ఉంది బాబూ అని సెప్పనేదా?"

"ఎలా సెప్తానే? మరి దీపం నేనివి ఎవరివిరా అని అడుగుతారు గదా!"

సూరమ్మకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకుంటే నాకూ మండుతుంది. మంచితనం వేరు, మొద్దుతనం వేరు. గున్నయ్యలో ఏది ఎక్కడ మొదలవుతుందో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు.

"అయితే ఆ కాగితాల్లో ఏటి రాసినారో నాను సూసొత్తాను" అంది సూరమ్మ.

"సదువొచ్చేటి నీకు?"

"సదివేవోళ్ళ సేత సదివిత్తాను."

మర్నాడే చద్దిమూట కట్టుకుని పలాసలో రైలెక్కింది. నౌపడాలో దిగి, చిన్న రైలు పట్టుకుని టెక్కలి చేరింది. కోర్టు వరండాలో ప్లీడరు గుమాస్తాలు చుట్టూ మూగారు. వాళ్ళను విదిలించుకుని, రికార్డు గది గుమాస్తా వైకుంఠరావు ముందు నిలబడింది.

"కేసు నంబరెంత?" అన్నాడాయన తలెత్తకుండా.

"తెల్దు బాబూ. పేరు సెప్తాను. గున్నయ్య. బండోడు."

"ఆ పేరుగలవాడు ఈ తాలూకాలో ఇంటికొకడు. నంబరు లేకుండా ఎక్కడని వెతకను? వెళ్ళి కనుక్కుని రా."

"ఎక్కడ కనుక్కోవాల బాబూ?"

"ఇక్కడే. కోర్టులోనే."

"ఇక్కడే ఉన్నాను గదా."

వైకుంఠరావు అప్పుడు తలెత్తి చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. దుమ్ము కట్టలు దించాలంటే బద్ధకం, అంతే. భోజనానికి వెళ్ళొచ్చేసరికి ఆమె గుమ్మం పక్కనే కూర్చుని ఉంది. సాయంత్రం తాళం వేసేటప్పుడూ ఉంది. రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే ఆయన తాళం తీసేవేళకు మళ్ళీ ఉంది.

"నకళ్ళు కావాలంటే దరఖాస్తు పెట్టాలమ్మా, స్టాంపు అంటించాలి" అన్నాడు విసుగ్గా.

"అంటించండి బాబూ. నాను ఏలిముద్ర ఎక్కడెయ్యాల?"

ఇక ఈమె కదలదని ఆయనకు తెలిసిపోయింది. కట్టలు దించి, దుమ్ము దులిపి, ఒక్కొక్క కేసూ చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"నీ మొగుడికి బళ్ళెన్నమ్మా?"

"ఒకటే బాబూ."

"మరి పేరొకటే ఉంది, కేసుకో బిళ్ళ నంబరు ఉందేమిటి?"

సంగతేమిటంటే, పోలీసు వెనక్కి వెళ్ళి దీపం లేని బళ్ళలో ఏదో ఒకదాని బిళ్ళ చూసి నంబరు రాసుకునేవాడు. ముందుకొచ్చి పేరు అడిగేవాడు. కోర్టులో ఎవరూ అడగకముందే గున్నయ్య ఒప్పుకునేవాడు. ఒప్పుకున్నవాడి కేసులో నంబరు సరిచూసే తీరిక ఎవరికుంది?

వైకుంఠరావు నంబర్లు చదువుతుంటే సూరమ్మ ఒక్కొక్క బండినీ గుర్తుపట్టింది. ఆమెకు అక్షరం రాకపోయినా ఊళ్ళో బిళ్ళలన్నీ నోటికే వచ్చు. స్టేషనులో కాయలు దించేటప్పుడు పిలిచేది ఆ నంబర్లతోనే. ఒక్క కేసులోనూ గున్నయ్య నంబరు లేదు. తన తమ్ముడు రామూర్తిది మాత్రం రెండుసార్లు వచ్చింది, అందులో ఒకటి ఇంకా తేలని ఇప్పటి కేసు.

"ఈ బళ్ళు ఎవరివో తెలుసా?" అన్నాడు వైకుంఠరావు.

"తెల్దు బాబూ" అంది సూరమ్మ. నకళ్ళు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది.

సంగతి వినగానే గున్నయ్య హడలిపోయాడు.

"ఇవి కోర్టులో ఎడతావేటి? తోటి బండోళ్ళని పట్టిచ్చినోడినైపోతానే! ఊళ్ళో తలెత్తుకోగలనా?"

"నాను ఎట్టను. ఆళ్ళే వచ్చి సెప్పాల."

ముందు తమ్ముడింటికి వెళ్ళింది. రామూర్తి ఎడ్లకు కుడితి పెడుతున్నాడు. విషయమంతా విని నవ్వేశాడు.

"అప్పా, అది ఆనవాయితీ గదా! జరిమానాలో నా వాటా నాను ఇచ్చీసినాను."

"వాటా ఇచ్చినావురా. పేరిచ్చినావా?"

రామూర్తి నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు మేవొచ్చి సెప్తే మా బిళ్ళల మీదా మచ్చ పడతాది" అన్నాడు. మిగతా ఇళ్ళలోనూ అదే మాట. ఒకడైతే, "గున్నయ్య మావ ఉండగా మాకేటి బెంగ" అని ఆమె ముఖం మీదే అన్నాడు. వాడు చెడ్డగా అనలేదు. నిజంగానే అలా అనుకునేవాడు. అదే ఎక్కువ మంట.

మళ్ళీ బళ్ళు కట్టే రోజు వచ్చింది. కాయలు ఎక్కించారు. అందరూ అలవాటు కొద్దీ ముందు గున్నయ్యకు చోటు వదిలి బళ్ళు నిలబెట్టారు. సూరమ్మ ఎడ్ల ముకుతాడు పట్టుకుని, వదిలిన చోటు దాటి, వరస చివరకు తీసుకెళ్ళి గున్నయ్య బండిని ఆపింది. లాంతరు వెలిగించి దాని వెనకే కట్టింది.

"ఇదేటప్పా?" అన్నాడు రామూర్తి.

"మా బండి ఇక్కడే. ఎవరు ముందెళ్తారో ఎల్లండి."

ఎవరూ వెళ్ళలేదు. వెళ్దామన్నా ఎడ్లు కదలలేదు. ఎప్పుడూ ముందు బండిని చూసుకుని నడిచిన గొడ్లు, ఎదురుగా ఖాళీ దారి కనబడేసరికి బెదిరి నిలబడిపోయాయి. రామూర్తి అదిలించాడు, తోక మెలిపెట్టాడు, బతిమాలాడు. అవి పక్కకు తిరిగి కంచెలో గడ్డి కొరికాయి. పొద్దు గుంకిపోతోంది. అవతల పలాసలో కాయలు ఎక్కించుకోవలసిన గూడ్సు ఎవరి కోసమూ ఆగదు.

అంతా గున్నయ్య చుట్టూ చేరారు. "ఈ ఒక్కసారికి నువ్వెల్లు బావా" అన్నాడు రామూర్తి. గున్నయ్య నోరు తెరిచాడు. ఒప్పేసుకుంటాడని సూరమ్మ కాడి మీద చెయ్యి వేసి గట్టిగా నిలబడింది. కాని అతని నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"నాకు నిద్దరొత్తందిరా" అన్నాడు గున్నయ్య.

అతను బండి చక్రానికి నడుం ఆనించాడు.

"మీరందరూ పడుకుంటారు. ఎనకాల మీ గురకలు ఇంటానే ఉంటాను. ఏనాడన్నా ఎవడైనా లేచి, బావా, కాసేపు నాను తోల్తాను, నువ్వు నడుం వాల్చు అంటాడేమోనని సూసినాను. ఇన్నేళ్ళలో ఒక్కడూ అననేదు."

అతను కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాళ్ళకు తేలికగా ఉండేది. రామూర్తి తల దించుకుని, ఎడ్ల ముందుకెళ్ళి, తాళ్ళు చేత పట్టి కాలినడకన వాటిని లాక్కుంటూ బయల్దేరాడు. కోర్టు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

వాయిదా రోజున సూరమ్మా గున్నయ్యా ఇద్దరే టెక్కలి వెళ్ళారు. ఇంకెవరొస్తారో రారో తెలియదు. కొంగులో నకళ్ళున్నాయి. వాటిని తియ్యనని మొగుడికి మాటిచ్చింది. ఆ మాట ఎందుకిచ్చానా అని దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది.

గున్నయ్యను పిలిచారు. "దీపం లేకుండా బండి తోలావు. ఒప్పుకుంటావా?" అన్నాడు మేజిస్ట్రేటు.

అలవాటైన మాట నాలుక చివరకొచ్చేసింది. సూరమ్మ గట్టిగా దగ్గింది. గున్నయ్య ఆ మాట మింగేశాడు.

"ఒప్పుకోను బాబూ. నా బండికి దీపం ఉంది."

మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టాడు. "మరి దీపం లేని బండి ఎవరిది?"

గున్నయ్య నేల చూపులు చూశాడు. చెప్పడు. చంపినా చెప్పడు. సూరమ్మ చెయ్యి కొంగు ముడి మీదకు పోయింది. అక్కడే ఆగింది.

"నాదండి బాబూ" అని వరండాలోంచి గొంతు వినబడింది. రామూర్తి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఆ నంబరు బిళ్ళ నాది. నాను పడుకున్నాను. బావ బండికొక్కదానికే దీపం ఉంది." అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు, కాయల బళ్ళవాళ్ళందరూ. సూరమ్మ అప్పుడు ముడి విప్పి నకళ్ళు బల్ల మీద పెట్టింది.

మేజిస్ట్రేటు అన్నీ చదివాడు. ముగిసిన కేసులు తిరగతోడే అధికారం తనకు లేదన్నాడు. కాని గున్నయ్య బిళ్ళ జోలికి పోవద్దని రాశాడు. ఇప్పటి కేసులో జరిమానా రామూర్తికి వేశాడు. రామూర్తి దాన్ని ఎవరి దగ్గరా పోగుచెయ్యలేదు.

ఆ తరవాతి ప్రయాణంలో ప్రతి బండికీ లాంతరు వెలిగింది. ముందు రామూర్తి. వరస చివర గున్నయ్య బండి, తోలేది సూరమ్మ. ఊరు దాటకముందే గున్నయ్య కాయల మీద వాలి నిద్రపోయాడు.

పెద్ద రోడ్డు మీద పోలీసు ఆపాడు. "ఎవడిదిరా ఈ వరస?"

"ముందుది నాదండి. ఎనకాలవి ఎవరివి ఆళ్ళవే. అడగండి" అన్నాడు రామూర్తి.

పోలీసు ఒక్కొక్క దీపమూ చూసుకుంటూ చివరి బండి దగ్గరకొచ్చాడు. ఏళ్ళుగా వినిపించిన గొంతు వినబడకపోయేసరికి తోచక, అలవాటు చొప్పున పుస్తకం తీశాడు.

"బండి ఎవరిది? పేరేమిటి?"

గురక పెడుతున్న మొగుడి వైపు ఒకసారి చూసి, సూరమ్మ గొంతు తగ్గించి అంది:

"దీపం ఎలుగుతంది గదా బాబూ. పేరెందుకు?"