రేకుల గదిలో పగడపు దిబ్బ

తైవాన్ రేవుపట్నం కావోషుంగ్‌లో ఎండలంటే మామూలు ఎండలు కావు. జూలైలో స్కూటర్ సీటు మీద గుడ్డు కొట్టి పోస్తే, ఉప్పు తెచ్చేలోపు మాడిపోతుంది. సిగ్నల్ ఎక్కడున్నా సరే, చెట్టునీడ ఎక్కడుంటే బళ్ళన్నీ అక్కడే ఆగుతాయి. ఇదేమిటని అడగడానికి వచ్చిన పోలీసు కూడా ఆ నీడలోనే నిలబడిపోతాడు.

అలాంటి ఊళ్ళో, ఐదంతస్తుల పాత మేడ నెత్తిన, రేకుల గదిలో, చువాంగ్ హోక్‌లాయ్ సముద్రాన్ని పెంచుతున్నాడు.

కింద అతనికి స్కూటర్లు బాగుచేసే కొట్టుంది. పైన మంచమంత గాజుతొట్టి ఉంది. తొట్టిలో ఉప్పునీళ్ళు, నాలుగు నారింజరంగు చేపలు, వాటి మధ్య కొమ్మలు కొమ్మలుగా విరబూసిన ఊదారంగు పగడం. మెడలో వేసుకునే పగడం కాదు, ప్రాణమున్నది. స్నేహితుడొకడు ఇల్లు మారుతూ చేతిలో పెట్టినప్పుడు బొటనవేలంత ఉండేది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు అన్నం వార్చే గిన్నెంత అయింది. హోక్‌లాయ్ చేతులు చాపి చూపించేటప్పుడు ఇంకొంచెం పెద్దదిగానే ఉంటుంది.

ఆ పగడానికి వేడంటే గిట్టదు. నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలుంటే పండగ. ఇరవై తొమ్మిది దాటి అక్కడే కూర్చుంటే రంగంతా వదిలేసి, ఎముకలా తెల్లబడి, చచ్చి ఊరుకుంటుంది. అందుకే హోక్‌లాయ్ రేకు కింద థర్మాకోల్ పలకలు కొట్టాడు, నీళ్ళ మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పాడు, తొట్టి పక్కన చిల్లర్ పెట్టాడు. నీళ్ళు ఒక గొట్టంలోంచి చిల్లర్‌లోకి పోయి, చల్లబడి, ఇంకో గొట్టంలోంచి తొట్టిలోకి వస్తాయి. నీళ్ళలోంచి లాగిన వేడిని అది నెత్తి మీదున్న జాలీలోంచి బయటికి ఊదేస్తుంది.

రోజూ పొద్దున్నే హోక్‌లాయ్ పిట్టగోడ దగ్గరికొచ్చి, సందంతా వినేలా అరిచేవాడు.

"ఇరవై ఆరు."

ఎదురు మేడ బాల్కనీలోంచి ఓంగ్ కున్‌సాన్ జవాబిచ్చేవాడు. రైల్వేలో చేసి రిటైరైన ముసలాయన, బనీనుతోనే ఉంటాడు. "మా ఇంట్లో ముప్పై ఆరు. నన్ను కూడా ఆ తొట్టిలో పడెయ్యరా అబ్బాయ్."

"నువ్వు పడితే నీళ్ళు పొంగిపోతాయి బాబాయ్."

హోక్‌లాయ్ భార్య బీలియన్ వంటింట్లోంచి సన్నాయినొక్కులు నొక్కేది. "దానికి చల్లటి నీళ్ళు, మూడు ఫ్యాన్లు. నాకు విసనకర్ర."

"నీకు వేడి చేస్తే నువ్వు అరుస్తావు. అది అరవలేదు కదే."

"అరవదు కాబట్టే దాన్నంత ప్రేమగా చూస్తున్నావు."

ఒకరోజు టిఫిన్ బండి దగ్గర హోక్‌లాయ్ అన్నం రోల్ నములుతూ, సముద్రంలో పగడాలకే ఈ ఏడు జ్వరమొచ్చిందనీ, తన పగడానికి మాత్రం తుమ్ము కూడా రాలేదనీ చెబుతున్నాడు. కున్‌సాన్ సోయాపాలు తాగి మూతి తుడుచుకున్నాడు.

"పొద్దున్నే ఎవడైనా చల్లగానే ఉంటాడు. నిజంగా అంత మొనగాడివైతే, ఆదివారం మిట్టమధ్యాహ్నం చూపించు."

"సందు సందంతా రండి. చూసి పొండి," అన్నాడు హోక్‌లాయ్. మీసముంటే మెలేసేవాడే. లేదు కాబట్టి గడ్డం గోక్కున్నాడు.

ఆదివారం వచ్చింది. ఆవేళ ఎండ ఎలా ఉందంటే, రేవులో ఓడలకి కూడా చెమటలు పట్టాయి. ఐదు అంతస్తుల మెట్ల పొడుగునా చెప్పులు వరసకట్టాయి. వచ్చినవాళ్ళు వట్టి చేతులతో రాలేదు. ఆ ఊళ్ళో ఏ యంత్రం బాగా నడవాలన్నా దాని నెత్తిన ఒక ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెడతారు. ఆ తిండి పేరుకి 'బుద్ధిగా ఉండు' అని అర్థం. ఎర్ర పొట్లం పనికిరాదు, పసుపుది పనికిరాదు. సిగ్నల్‌లాగే, ఆకుపచ్చదైతేనే యంత్రం ముందుకు పోతుంది. బ్యాంకులో ఉంటుంది, ఆస్పత్రిలో ఉంటుంది. హోక్‌లాయ్ చిల్లర్ మీద కూడా మొదట్నుంచీ ఒకటుంది. ఇప్పుడు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ మర్యాదకి తలా ఒక పొట్లం తెచ్చి దాని మీద పెట్టారు.

"మీ యంత్రం చల్లగా ఉండాలి హోక్‌లాయన్నా," అంటూ పెట్టారు. హోక్‌లాయ్ పొంగిపోయి అన్నీ పెట్టించుకున్నాడు. పొట్లాలు కొండలా లేచి, పక్కలకి జారి, చిల్లర్ కనిపించకుండా పోయింది. దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని ఎవరో పడుకున్నట్టుంది.

జనం పగడాన్ని చూసి నోళ్ళు తెరిచారు. ఐస్ తురిమి అమ్మే సియుచూ అయితే అద్దానికి ముక్కు ఆనించి, "ఇది నిజమైందేనా, ప్లాస్టిక్‌దా?" అంది. హోక్‌లాయ్‌కి అది పొగడ్తలాగే వినిపించింది.

అప్పుడే చిల్లర్ గుర్రుమని ఒక గురక పెట్టి, ఆగిపోయింది.

కున్‌సాన్ కళ్ళద్దాలు సర్దుకుని తొట్టికున్న థర్మామీటర్ మీద అంకె చదివాడు. "ఇరవై ఏడు."

"తాతా, అంత గట్టిగా చదవక్కర్లేదు," అంది సియుచూ.

హోక్‌లాయ్ ప్లగ్గు తీసి పెట్టాడు. చిల్లర్ పలకలేదు. రెండు చేతులూ జోడించి బతిమాలాడు. పలకలేదు. ఉన్నట్టుండి అతనికి ఏదో తట్టి, పొట్లాల కొండ అడుగున చెయ్యి పెట్టి తన పాత పొట్లం లాగి తేదీ చూశాడు. మొహం పాలిపోయింది.

"గడువు దాటిపోయింది."

గదిలో అందరూ అయ్యో అన్నారు. గడువు దాటిన పొట్లం పెడితే యంత్రం అలుగుతుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఒకాయన పరుగున కిందికి దిగి, మూల దుకాణంలో ఉన్న తాజా పొట్లాలన్నీ బుట్టతో ఎత్తుకొచ్చాడు. అవి కూడా కొండ మీదికెక్కాయి. అంకె ఇరవై ఎనిమిదయింది. పగడం తన ఒంటినిండా ఉన్న సన్నటి వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుంది. కొమ్మల మీంచి బంక దారాలుగా సాగింది.

బీలియన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, పొట్లాల సందులోంచి చిల్లర్ మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఏమయ్యా, నీ మొహం మీద ఇన్ని దిళ్ళు పెట్టి నొక్కితే నువ్వు ఊపిరి పీలుస్తావా?"

హోక్‌లాయ్ చూశాడు. జాలీ మొత్తం మూసుకుపోయి ఉంది. స్కూటర్ల ఇంజన్లకి గాలి ఆడాలని రోజుకి పదిమందికి చెప్పేవాడు, తన ఇంట్లో యంత్రాన్ని మర్యాదలతో పాతిపెట్టాడు.

"తియ్యండి. అన్నీ తియ్యండి," అన్నాడు.

తీశారు. కానీ కాగిపోయిన చిల్లర్ చల్లారితే గానీ మళ్ళీ నడవదు. అది చల్లారేలోపు నీళ్ళు కాగిపోతాయి. గదినిండా ఉన్న మనుషులు ఒక్కొక్కరూ ఒక్కో కుంపటి. రేకు పైనుంచి ఎండ ఇంకో కుంపటి. హోక్‌లాయ్ దాన్ని బొటనవేలంత నుంచి పెంచాడు. ఇంకో డిగ్రీ దాటితే ఇక చూసుకోవడానికి ఎముకలే.

సియుచూ మెట్లు దిగింది, ఎక్కింది. ఈసారి ఆమె భుజం మీద పసిపిల్లాడంత ఐస్ దిమ్మ ఉంది. తిన్నగా తొట్టి దగ్గరికి నడిచింది. హోక్‌లాయ్ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"వద్దక్కా. అది మంచినీళ్ళ ఐసు. కరిగితే ఉప్పు పలచబడి, వేడికి చావాల్సింది ముందే చస్తుంది."

"మరి నా భుజం మీద కరగమంటావా?"

"పగలగొట్టి సీసాల్లో పోసి, మూతలు బిగించి తేలేద్దాం. అదీ ఒక్కొక్కటే. గభాలున చల్లబడినా దానికి పడదు."

"నా మొగుడికి కూడా ఇన్ని పథ్యాలు లేవు," అంటూనే సియుచూ దిమ్మని నేలకేసి కొట్టింది. ఆ దెబ్బకి మూడు సందుల అవతల కుక్కలు మొరిగాయి.

హోక్‌లాయ్ జనాన్ని బయటికి పంపి, నలుగురు నలుగురుగా లోపలికి రమ్మన్నాడు. పని నీళ్ళ మీద విసరడం. విసరడానికి ఏముంది? ఎన్నికలప్పుడు అభ్యర్థుల బొమ్మలేసి పంచిన ప్లాస్టిక్ విసనకర్రలు ఏ ఇంట్లో చూసినా ఉన్నాయి. ఒకవైపు ఆకుపచ్చ పార్టీవాళ్ళు, ఒకవైపు నీలం పార్టీవాళ్ళు నిలబడ్డారు. ఒకే పగడం మీద రెండు పార్టీల అభ్యర్థులూ నవ్వుతూ ఊగారు.

"మీవాడి మొహంతో గాలి రాదు తాతా. అన్నీ వాగ్దానాలే," అంది సియుచూ.

"మీవాడిది మాత్రం? గెలిచాక ఒక్కసారి ఈ సందులోకి గాలిలా కూడా రాలేదు," అన్నాడు కున్‌సాన్, విసురుడు ఆపకుండానే. ఆయన బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వేరేవాళ్ళకి చోటిమ్మంటే ఇవ్వలేదు.

పైన రేకు మీద ఇద్దరు గొట్టంతో నీళ్ళు పట్టారు. మొదటి ధార పడగానే లేచిన ఆవిరికి మేడ పై సగం మాయమైంది. రేవులో ఒక ఓడ, అదేదో పొగమంచనుకుని, కూత కూసింది. అబద్ధమనుకుంటే ఆ ఓడనే అడగండి.

అంకె ఇరవై తొమ్మిది దగ్గర నిలబడింది. పైకి పోనంది, కిందికి రానంది. హోక్‌లాయ్ సీసా తీసి సీసా వేస్తూ దాని వంకే చూస్తున్నాడు. విసనకర్రల చప్పుడొక్కటే. బీలియన్ చిల్లర్ పక్కన చతికిలబడి, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు మాటిమాటికీ దాన్ని తాకి చూస్తోంది. చాలాసేపటికి తలెత్తి, "ఇప్పుడు పెట్టు," అంది.

హోక్‌లాయ్ ప్లగ్గు పెట్టాడు. చిల్లర్ దగ్గింది. తర్వాత సన్నగా పాడటం మొదలెట్టింది.

అంకె మెల్లగా, పెద్దమనిషి మెట్లు దిగినట్టు, దిగడం మొదలెట్టింది. రేకు మీద ఎండ ఏటవాలుగా పడేవేళకి పగడం ఒక కొమ్మ మీద ఒక వేలు బయటపెట్టింది. దాని పక్కన ఇంకొకటి. కాసేపటికి ఊదారంగు కొమ్మలన్నిటి మీదా వెంట్రుకల్లాంటి వేళ్ళు ఊగుతున్నాయి. రెండు కొమ్మల కొసలు మాత్రం తెల్లబడిపోయాయి.

"పోయిందా?" అన్నాడు కున్‌సాన్.

"కొసలే బాబాయ్. మిగతాదంతా బతికే ఉంది." హోక్‌లాయ్ అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. కున్‌సాన్ ఇంకో నాలుగుసార్లు విసిరాడు, అక్కర్లేకపోయినా.

దించిన పొట్లాలన్నీ మెట్ల మీద కూర్చుని అందరూ విప్పుకు తిన్నారు.

తర్వాతి వారం టిఫిన్ బండి దగ్గర, పక్క సందువాళ్ళు ఇద్దరు కున్‌సాన్ చుట్టూ చేరి ఉన్నారు. హోక్‌లాయ్ వచ్చేసరికి కథ మంచి పాకాన పడింది.

"మా పగడం," అంటున్నాడు కున్‌సాన్, "బల్లంత ఉంటుంది. నీళ్ళు ముప్పై రెండుకి పోయాయి. అందరూ చేతులెత్తేశారు. నేనొక్కణ్ణే విసనకర్ర పట్టుకుని నిలబడ్డాను."

"ఒక్కడివేనా?" అంది తురిమిన ఐస్ బండి తోసుకుపోతున్న సియుచూ. "ఐస్ మోసింది ఎవరు, మీ తాతా?"

పక్క సందువాడు హోక్‌లాయ్‌ని చూశాడు. "మరి ఈయనేం చేశాడు?"

"వాడా," అన్నాడు కున్‌సాన్, "అరిచాడు."

హోక్‌లాయ్ అన్నం రోల్ కొరికాడు. బల్లంత ఉండదు. ముప్పై రెండుకీ పోలేదు, ఇరవై తొమ్మిది దగ్గరే ఆగింది. ఆ లెక్క అతనికంటే ఎవరికీ బాగా తెలియదు. నోట్లోది తాపీగా నమిలి మింగాడు.

"ముప్పై రెండు కాదు బాబాయ్," అన్నాడు. "ముప్పై మూడు. నువ్వు విసురుతున్నావు, నీకు కనిపించలేదు."