స్టీరింగు మీద ఎర్ర ట్యాగు

కారు బ్యాటరీ మళ్ళీ చచ్చింది. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. వెంకటరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. పవర్ హౌస్ మార్కెట్లో ఏరి కోరి కొన్న కొత్త బ్యాటరీ అది! రెండు రోజులు బండి కదపకపోతే చాలు, పిప్పి పిప్పి అయిపోతోంది. అంటే తాళం వేసి ఉన్న బండిలో ఏదో దొంగచాటుగా కరెంటు తాగుతోందన్నమాట. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియనుగా జుట్టు నెరిసి రిటైరైన మనిషి ఇంట్లోనే కరెంటు దొంగ! ఎంత తలవంపు!

కొడుకు సురేశ్ కూడా ప్లాంటులోనే పనిచేస్తాడు. సెక్టర్ 2లో ఈ క్వార్టరు వాడిదే. "ఇంకొక్కసారి మొరాయిస్తే అమ్మీడమే నాన్నా," అని నిన్న రాత్రి అన్నం ముందు తేల్చి చెప్పాడు. వాడి మాట వెంకటరత్నం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడే గానీ, అసలు బాధ వేరే ఉంది. మనవరాలు అమ్ము వానాకాలం నుంచీ తాత బండి ఎక్కడం లేదు. మూడో క్లాసు పిల్ల. పొద్దున్నే, "రావే అమ్మూ, దించేస్తాను," అంటే, "నహీ తాతా, నేను ఆటోలో పోతాను," అని బ్యాగు తగిలించుకుని పారిపోతుంది. ఒకప్పుడు ముందు సీటు కోసం నానమ్మతో పోట్లాడిన పిల్ల!

ఎప్పుడో స్కూలు గేటు దగ్గర బండి ఆగిపోయి ఉంటుంది, స్నేహితురాళ్ళు నవ్వి ఉంటారు, అదే చిన్నతనమైపోయింది పిల్లకి. అలా అనుకున్నాడు వెంకటరత్నం. రేపు దాని స్కూల్లో బొమ్మలు గీసే పోటీ. ఈ రోజు దొంగ దొరకాలి, రేపు అమ్ము ముందు సీట్లో కూర్చోవాలి. అంతే.

ముందుగా స్టీరింగుకి ఎర్ర ట్యాగు కట్టాడు. ప్లాంటు నుంచి తెచ్చుకున్న అట్టముక్క అది. 'ముట్టకండి, మనుషులు పనిలో ఉన్నారు' అని హిందీలో ఉంటుంది, కింద కట్టినవాడి పేరు రాసే చోటు. అక్కడ తన పేరు రాశాడు. సొంత కారుకి కూడా ట్యాగేటి నాన్నా అని సురేశ్ నవ్వుతాడు. నవ్వనీ. మిల్లులో ట్యాగు మీద ఎవరి పేరుందో వాడే వచ్చి విప్పాలి. తీసిన ఫ్యూజు వాడి జేబులోనే ఉండాలి. మేనేజరు కాదు కదా, దేవుడు దిగొచ్చినా స్విచ్చి ముట్టుకోకూడదు. లోపల ఎవడి ప్రాణం తీగ మీద ఉందో ఎవరికి తెలుసు? వెంకటరత్నం సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క మనిషి మీద చెయ్యి చేసుకున్నాడు. ఆయన తన సూపర్‌వైజరు. ఇంకొకడి ట్యాగు విప్పబోయాడు, చెంప పగిలింది.

బానెట్ ఎత్తి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టాడు. డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, దాని గొళ్ళేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కాడు. తలుపు వేశారనుకుని బండి నిద్రపోవాలి మరి. ఈ కాలం బండ్లు తాళం వేశాక కూడా కాసేపు మేలుకునే ఉంటాయి. ఓపిగ్గా కూర్చుని చూశాడు. నిద్రపోయిన బండి యాభై మిల్లీయాంపులు దాటకూడదు. మీటరు నాలుగు వందల దగ్గర నిలబడింది.

"అమ్మ దొంగా!" అన్నాడు పైకే.

ఇక ఒక్కో ఫ్యూజూ పీకడం, మీటరు చూడడం. హారన్‌ది పీకాడు, అంకె కదల్లేదు. వైపర్లది, అద్దాలది, పాటల డబ్బాది, ఊహూఁ. సిగరెట్ లైటర్ ఫ్యూజు లాగాడో లేదో అంకె ధబాలున కిందికి పడిపోయింది. "దొరికావురా!" అని ఫ్యూజుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ క్షణాన అమ్ము పక్క సీట్లో కూర్చున్నంత సంబరమైంది ఆయనకి.

ఆ లైను వెంట పోతే స్టీరింగు కింది ప్లాస్టిక్ అట్ట విప్పాలి. విప్పబోతే మరలు వదులుగా ఉన్నాయి, తలలన్నీ గీతలు. ఎవడో ముందే చెయ్యి పెట్టాడు! "చేతకాని వెధవ! స్క్రూ విప్పడం రాదు గానీ పనికి బయల్దేరతాడు!" అని మొహం తెలియని మెకానిక్కుని నోరారా తిట్టాడు. అట్ట ఊడొచ్చింది. టార్చి వేసి చూశాడు.

అగ్గిపెట్టె అంత నల్లడబ్బా. దాన్లో సిమ్ము.

బండి ఎక్కడికి పోతే అక్కడి జాడ ఫోనుకి చేరవేసే డబ్బా అది. పోలీసులు పెడతారని విన్నాడు, దొంగలు పెడతారని విన్నాడు. తన బండిలో ఎవరు పెడతారు? ఇంకెవరు, ఫోన్ల పిచ్చి ఉన్నవాడు సురేశ్ ఒక్కడే. కన్నకొడుకు! తండ్రి మీద సీఐడీ!

"జోగీ! ఓ జోగమ్మా! ఒక్కసారి ఇలగ రా! నీ కొడుకు చేసిన ఘనకార్యం చూద్దువు గాని!"

జోగమ్మ గోంగూర ఒలుస్తున్న చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. డబ్బా చూసింది. అయ్యబాబోయ్ అనలేదు, ఇదేటని అడగలేదు. గుమ్మం మెట్టు మీద మెల్లగా కూలబడింది.

"నీకు తెలుసు," అన్నాడు వెంకటరత్నం. "నీకూ తెలుసన్నమాట. ఎన్నాళ్ళ నుంచే? ఆ ఫోన్లోకి చూస్తూ కూర్చుంటే వంటల వీడియోలు అనుకున్నాను. నన్ను చూస్తున్నావా?"

"కోపం తరవాత పడుదురు. ముందు ఆ తీగ అతుకు చూడండి."

"అతుకు చూసేదేటి! వీడి అతుకు..."

మాట సగంలో ఆగిపోయింది. పోగులు ఒకదాన్నొకటి పెనవేసి, టంకం పోసి, పైన టేపు సగానికి సగం కప్పుకుంటూ చుట్టి ఉంది. రెండు కొసలా మైనం దారం. దారం ముడి ఎడమ వైపు. మిల్లు మొత్తంలో ముడి ఎడమకి వేసేవాడు ఒక్కడే. ఎడంచేతివాటం మనిషి. ఆ చెయ్యే ఇప్పుడు టార్చి పట్టుకుని ఉంది.

"ఇది నేను వేసిన ముడే," అన్నాడు. "ఎప్పుడు వేశాను?"

జోగమ్మ కళ్ళు తుడుచుకుంది. "వానాకాలంలో. అమ్ముని స్కూలు నుంచి తెస్తానని వెళ్ళినారు. చీకటి పడిపోయినా రాలేదు. ఫోను ఎత్తరు. సురేశు, వాడి స్నేహితులు ఊరంతా గాలించినారు. ఊరి చివర జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ లారీల మధ్యన దొరికినారు. స్టీరింగు పట్టుకుని అలగే కూర్చున్నారంట."

"అమ్ము?"

"వెనక సీట్లోనే. ఏడ్చి ఏడ్చి పిల్లకి గొంతు పోయింది. ఎవరి పాపవమ్మా నువ్వు, మీ ఇల్లెక్కడ, అని దాన్నే అడుగుతున్నారంట మీరు."

వెంకటరత్నం కారు తలుపు పట్టుకున్నాడు. తన అమ్ముని! పురిటి గుడ్డలో మొదట తన చేతుల్లో పెట్టిన పిల్లని! లేదు, అబద్ధం. బుర్రంతా వెతికాడు. వాన లేదు, లారీలు లేవు, ఏడుపు లేదు. ఖాళీ.

"నేనలా అనను జోగీ."

"మర్నాడు అన్నీ గుర్తొచ్చినాయి. గోడకి తల బాదుకున్నారు. మీరే పోయి ఈ డబ్బా కొనుక్కొచ్చి, మీ చేత్తోనే పెట్టినారు. బండి ఎక్కడుందో చూపించే చుక్క నా ఫోన్లో కనిపించేలాగ సురేశు చేత చేయించినారు. గుడి దాకా, మార్కెట్టు దాకా తప్ప పోనన్నారు. డబ్బా సంగతి నాకు గుర్తు చెయ్యకు, తెలిస్తే కోపంలో పీకేస్తానని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వాడు అప్పుడే బండి అమ్మీమన్నాడు. నేనే కాళ్ళా వేళ్ళా పడి ఆపినాను, బండి పోతే ఈ మనిషి ఏటైపోతాడోనని."

ఆయన చూపు కింద పడున్న మరల మీదికి పోయింది. తలల మీద గీతలు. "మరి ఇవి..."

"దసరా ముందర. అప్పుడూ బ్యాటరీ దిగిపోతందని ఇలగే విప్పినారు. ఇలగే అరిచినారు. అతుకు చూసి ఇలగే కూర్చుండిపోయినారు. ఇక బండి ముట్టనని మాటిచ్చి, మళ్ళీ బిగించీసినారు. రెండు రోజులకి మాట మర్చిపోయినారు."

చేతకాని వెధవ. పొద్దుటి నుంచి తిట్టిన తిట్లన్నీ ఇంటికే చేరాయి. వెంకటరత్నం ఏడవలేదు. ఏడుపు కన్నా పెద్ద భయం పట్టుకుంది ఆయన్ని. ఇప్పుడు ప్రమాణం చేస్తే రేపటికి ఏ మూల పోతుందో! మాట ఇవ్వడానికి మనిషంటూ ఉండాలి కదా. అమ్ముని రేపు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వీధి మలుపు తిరిగాక, పాపా నువ్వెవరు అంటే?

బానెట్ దగ్గరికి వెళ్ళాడు. ఇంజనుకి పెట్రోలు అందించే పంపు ఫ్యూజు పీకాడు. అలవాటుగా చొక్కా జేబు దాకా పోయిన చెయ్యి ఆగింది. దాన్ని తెచ్చి జోగమ్మ అరచేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంచు. నా జేబుని నమ్మకు."

"చీరకి జేబెక్కడిదండీ," అంటూనే జోగమ్మ కొంగున వేసి ముడి బిగించింది.

తర్వాత స్టీరింగు మీది ట్యాగు తిప్పి, తన పేరు కొట్టేశాడు. కింద హిందీలో పెద్దక్షరాలతో 'జోగమ్మ' అని రాశాడు.

"మాట మర్చిపోతాను. నిన్ను మర్చిపోతానేమో కూడా. ఇది చూస్తే మాత్రం నా చెయ్యి ముందుకి పోదు. ఇంకొకరి పేరున్న ట్యాగు నేనెప్పుడూ విప్పలేదు. అడిగినా ఇవ్వకు జోగీ. అరిచినా, కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. అమ్ము దిగి, కార్లో కూర్చున్న తాతని చూసి దూరంగానే నిలబడింది. ఆ దూరం ఇన్నాళ్ళూ ఆయనకి సిగ్గులా కనిపించింది. ఇప్పుడు చూస్తే భయం. పిల్ల కళ్ళు స్టీరింగు మీద పడ్డాయి.

"నానమ్మ పేరుందేటి?"

"నానమ్మ విప్పితే గాని బండి కదలదు."

"నువ్వు స్టార్ట్ చేసినా?"

"చేసినా కదలదు. చూడు." తాళం తిప్పాడు. ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ వైరు తగిలించినా, తోసినా కూడా కదలదని చెప్పాడు.

"పక్కా?"

"పక్కా."

అమ్ము బండి చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు తెరిచింది. ఎక్కలేదు. తలుపు పట్టుకునే నిలబడి, తాత మొహంలోకి చూసింది.

"నా పేరు చెప్పు."

పిల్ల కంగారు పడకముందే చెప్పాడు.

"అమ్ము. సురేశ్ కూతురివి. నా మనవరాలివి."

అమ్ము ఎక్కి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.