అసిస్టెంట్ సార్ మెడలోని విజిల్

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒంటికి నికెల్ పూత, కడుపులో బఠాణీ గింజంత బెండు గోళీ. ఆ గోళీయే నా ప్రాణం, నా జబ్బు కూడా. నన్ను మెడలో వేసుకున్న మనిషి నాలుగడుగులు వేస్తే చాలు, అది లోపల గడగడలాడుతుంది. నిలకడగా ఉండడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఎవరైనా గట్టిగా ఊదితే తప్ప ఆ దడ తీరదు. అట్లాంటి నన్ను తీసుకుపోయి, ఊదే హక్కు లేని మనిషి మెడలో వేశారు.

పుట్టింది జలంధర్‌లో. రేకు కోసి, వంచి, అతికి, గోళీ దూర్చాక ఒకడు నోట్లో పెట్టుకుని ఊది చూశాడు. కూత బాగానే ఉందని బుట్టలో పడేశాడు. మనుషుల పిల్లలను కూడా పుట్టగానే ఏడుస్తారో లేదో చూస్తారట కదా, మాదీ అదే పరీక్ష. అక్కడి నుంచి రైల్లో సికింద్రాబాద్ వచ్చి, ఒక ఆటసామాన్ల దుకాణంలో అద్దాల బల్ల కింద కూర్చున్నాను. జ్ఞానరత్నం అనే డ్రిల్ మాస్టరు నన్ను కొన్నాడు.

ఆయన దగ్గర నాకు పండగే. ప్రార్థనకు ఊదేవాడు, ప్రార్థన అయిందని ఊదేవాడు, కొళాయి దగ్గర పిల్లలు తోసుకుంటే ఊదేవాడు. ఇంట్లో కాఫీ ఆలస్యమైనా ఊదుతాడని పిల్లలు చెప్పుకునేవారు. అది మాత్రం అబద్ధం. భార్య ఎదుట ఆయన నన్ను జేబులోంచి తీసేవాడే కాదు. రిటైరైన రోజున నన్ను ఉప్పునీళ్ళతో కడిగి, తుడిచి, కొత్త తాడు కట్టి, తన పాత విద్యార్థి దేవసహాయం మెడలో వేశాడు. బొల్లారం కుర్రవాడు దేవసహాయానికి అప్పుడే ఒక కాలేజీలో ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ సంబరపడ్డాను. కాలేజీ అంటే పెద్ద మైదానం, పెద్ద కూత అనుకున్నాను.

మొదటి రోజే తెలిసింది సంగతి. ఆ మైదానంలో విజిల్ ఊదేది హెడ్ కోచ్ ఒక్కడే. ఆయన గేటు దాటి లోపలికి వచ్చాక అసిస్టెంట్ నోట విజిల్ వినిపించకూడదు. ఇది ఎక్కడా రాసి ఉండదు, కానీ అత్తగారి ముందు కోడలు మంచం మీద కూర్చోకపోవడం లాంటి నియమం. అసిస్టెంట్ చప్పట్లు కొట్టుకోవచ్చు, అరుచుకోవచ్చు. మెడలో విజిల్ ఉంటే ఉండనీ, అలంకారానికి.

మరి అసిస్టెంట్ కోచ్ చేసే పనేమిటి? అన్నీ. బంతులకు గాలి కొట్టాలి, సున్నంతో గీతలు వేయాలి, చిరిగిన వల కుట్టాలి. హాజరు తక్కువైందని పరీక్షకు కూర్చోనివ్వనంటున్న లెక్చరర్ ఇంటికి వెళ్ళి బతిమాలాలి. కొడుకును మెకానిక్ షెడ్డులో పెడతానంటున్న తండ్రిని ఒప్పించాలి. గెలిస్తే ఫొటోలో చివర నిలబడాలి, ఓడితే ముందు నిలబడాలి. పైగా కొత్త హెడ్ కోచ్ వచ్చినప్పుడల్లా తన మనిషిని వెంట తెచ్చుకునేవాడు. అట్లా మేం మూడు కాలేజీలు మారాం. దేవసహాయం జుట్టు నెరిసింది, నా నికెల్ పూత లేచిపోయి ఇత్తడి బయటపడింది. "పేర్లనే సహాయం బెట్టుకొని పుట్టిండు, ఇంకేమైతడు?" అని తోటి కోచ్‌లు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. చొక్కా లోపల ఉండే నాకు మాత్రం ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందో తెలిసేది.

ఆయన నాకంటే నిలకడ లేని మనిషి. మ్యాచ్ నడుస్తుంటే కుర్చీలో కూర్చోలేడు, కాలుగాలిన పిల్లిలా గీత వెంట తిరుగుతాడు. లోపల ఎవరైనా బంతిని తంతే ఇక్కడ ఆయన కాలు లేస్తుంది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా గిన్నెలను అటూ ఇటూ జరిపి లోలోపల మ్యాచ్ ఆడుతుంటాడు. ఆయన భార్య సువార్త విసుక్కునేది. "ఆ ఉప్పు డబ్బా డిఫెన్సో ఫార్వర్డో తొందరగ చెప్పు. కూరల ఎయ్యాలె."

నాలుగో కాలేజీలో మాకు అదృష్టం తలుపు తట్టినట్టే అనిపించింది. అక్కడి హెడ్ కోచ్ ముకుందం సార్ ఆ ఏడాదితో రిటైరవుతున్నాడు. ఈసారి ఆయన తన మనిషిని దేవసహాయంలోనే చూసుకున్నాడు. కాలేజీ యజమాని అయిన కరస్పాండెంట్ గారు స్వయంగా పిలిచి చెప్పాడు. "ఈసారి అంతర్ కళాశాలల కప్పు తీసుకురా. ముకుందం గారి కుర్చీ నీదే." హెడ్ కోచ్‌కు కాలేజీ ఆవరణలోనే క్వార్టర్ ఇస్తారు. సువార్త ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. పెరట్లో కరివేపాకు చెట్టు ఉందని వారం రోజులు చెప్పుకుంది.

ఇక నా సంగతి చెప్పాలా? హెడ్ కోచ్ అయితే రోజూ నన్ను ఊదుతాడు! నాకు కూడా ఆశ పుట్టింది. ఆశ మనుషులకే ఉంటుందని మనుషులు అనుకుంటారు.

ఆ జట్టుకు ప్రాణం గోల్‌కీపర్ అవద్. హైదరాబాద్ పాతబస్తీ వైపు బార్కాస్ కుర్రవాడు. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ దాకా చేతులతో ఉండేవాడు. దేవసహాయం వాడి ఇంటికి వెళ్ళి, వాడి తండ్రి పెట్టిన జామకాయలు తిని, కొడుకును ఆటకు పంపమని ఒప్పించి తెచ్చాడు. "నా పిల్లగాన్ని నీ చేతుల పెడ్తున్న సార్" అన్నాడు తండ్రి. ఇట్లాంటి మాటలు దేవసహాయం మీద బరువుగా కూర్చుంటాయి. వాడు ఉన్న గోల్‌లోకి ఆ ఏడాది బంతి దూరడమే గగనమైంది. ఫైనల్‌కు చేరాం.

ఫైనల్ రోజున నేను చొక్కా లోపల ఉన్నాను. మ్యాచ్‌లో ఊదేది రిఫరీ ఒక్కడే, కోచ్‌లు కూడా నోరు కట్టుకోవాల్సిందే. మొదటి సగంలో ఒక కార్నర్ కిక్ వచ్చింది. బంతి కోసం గుంపులోకి దూకిన అవద్ కణతకు అవతలివాడి మోకాలు తగిలింది. ఆ చప్పుడు గీత దాకా వినిపించింది. వాడు కాసేపు పడి ఉండి, లేచి, నీళ్ళు తాగి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

దేవసహాయం ముకుందం సార్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, పిల్లగాని చూపు తేడాగున్నది. తీసేద్దాం."

"రెండో కీపర్‌ను బెడితే గోల్ ముందు నిలబడే ముందే వణుకుతడు. అవద్ లేకుంటే మనం ఉన్నమా? ఏం కాలే. ఆడనియ్యి."

"తలకాయ దెబ్బ సార్."

"దేవసహాయం, హెడ్ కోచ్ ఎవరు?"

మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడు! ఇన్నేళ్ళలో ఆయన మ్యాచ్ మధ్యలో కూర్చోవడం నేను చూడలేదు. చొక్కా కింద ఆయన గుండె నా మీద కొట్టుకుంటుంటే నా గోళీ కూడా దానితో పాటు ఎగిరింది. ముకుందం సార్ చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళ కొలువు చివర ఒక్క కప్పుతో ఇంటికి వెళ్ళాలని ఆయన తాపత్రయం. కానీ తాపత్రయం కళ్ళకు గంతలు కడుతుంది. విరామంలో దేవసహాయం మంచుగడ్డ పెట్టి అడిగితే అవద్ కూడా నవ్వేశాడు. "ఏం గాలే సార్. మై ఠీక్ హూ."

రెండో సగమంతా మైదానంలో అందరి కళ్ళూ బంతి వెంట తిరిగాయి. దేవసహాయం కళ్ళు మాత్రం మన గోల్ దగ్గరే ఉన్నాయి. ఎవరికీ గోల్ లేదు. ఇక ఆట ముగియబోతుందనగా మన ఫార్వర్డ్‌కు బంతి చిక్కింది. ఇద్దరిని తప్పించి, అవతలి గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతున్నాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా ఆయన ఇటు తిరిగి ఉన్నాడు. అందుకే ఆయన ఒక్కడే చూశాడు. అవద్ మోకాళ్ళ మీద కుప్పగా దిగి, నుదురు నేలకు ఆనించాడు. లేవలేదు.

నన్ను చొక్కాలోంచి లాగడం, పళ్ళ మధ్య బిగించడం, ఊదడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. ఇన్నేళ్ళ నా మూగతనమంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. అంత కూత నాలో ఉందని నాకే తెలియదు.

రిఫరీ ఊదాడనుకుని అవతలి కీపర్ చేతులు దించేశాడు. మనవాడు ఆగకుండా కొట్టాడు. బంతి వలలో పడింది. మన పిల్లలు ఎగిరారు. రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. బయటి విజిల్‌తో ఆట చెడింది కాబట్టి గోల్ చెల్లదన్నాడు. నేరుగా గీత దగ్గరికి వచ్చి దేవసహాయానికి ఎర్రకార్డు చూపించాడు. సరిగ్గా అప్పుడే అవతల అవద్ లేచి, నుదుటి మట్టి దులుపుకుంటూ అయోమయంగా చూశాడు. జనానికి అర్థమైంది. గోల్ ఖాయమని వాడు సంతోషంతో దేవుడికి మొక్కుతూ సజ్దా చేసుకుంటుంటే ఈ మనిషి కొంపలు మునిగినట్టు విజిల్ ఊదాడు! స్టేడియం గొల్లుమంది. కొందరు నవ్వారు, మనవాళ్ళు తిట్టారు. నాకు సిగ్గేసింది.

తర్వాత పెనాల్టీ కిక్‌లలో ఓడిపోయాం. అవద్ ఒక్క బంతికీ సరిగ్గా దూకలేదు.

బయట వ్యాను దగ్గర ముకుందం సార్ మా ఆయనకు అడ్డం వచ్చాడు. "పిల్లగాడు సజ్దా చేస్తుంటే సచ్చిపోయిండనుకున్నవా? నా కప్పు! చేతికొచ్చిన కప్పు!" దేవసహాయం వ్యాను చక్రం దగ్గర కూర్చున్న అవద్ పక్కన వంగాడు.

"బేటా, గోల్ పడకముందే సజ్దా ఎందుకు చేసినవ్?"

"చేసిన్నా?" అన్నాడు వాడు. నుదురు తడుముకున్నాడు. "సార్, ఫైనల్ రేపే కదా?"

వ్యాను ఎక్కుతున్న పిల్లలు ఓటమి గొడవలో ఆ మాట వినలేదు. దేవసహాయం వాడిని రెండు చేతుల్లో ఎత్తి ఆటోలో వేశాడు. నేను ఆయన మెడలో ఊగుతూ వాడి చెంపకు తగులుతూనే ఉన్నాను. ఆసుపత్రికి చేరేసరికి వాడు మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నాడు. తర్వాత అడగడం కూడా మానేశాడు. స్కాన్‌లో పుర్రె లోపల నెత్తురు కారుతోందని తేలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. వాడు మైదానంలో మొక్కాడో, కూలాడో ఇప్పటికీ వాడికే గుర్తులేదు. నాకూ తెలియదు. అవద్ తండ్రి వచ్చి దేవసహాయం చేతులు పట్టుకున్నప్పుడు మా ఆయన ఆ తండ్రి ముఖంలోకి చూడలేకపోయాడు.

పది రోజుల తర్వాత కరస్పాండెంట్ గారు పిలిపించాడు. గదిలో ముకుందం సార్ కూడా ఉన్నాడు, తల వంచుకుని తన బూట్లను చూసుకుంటున్నాడు. కరస్పాండెంట్ గారు టీ తెప్పించి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"దేవసహాయం, కప్పు పోతే పోయింది. పిల్లవాడు బతికాడు, సంతోషం. కానీ వాళ్ళ బస్తీ పెద్దలు అడుగుతున్నారు, దెబ్బ తగిలినవాణ్ణి ఎందుకు ఆడించారని. నువ్వు దెబ్బ చూసి ఊదావంటే ఆ ప్రశ్న ముకుందం గారి మీదికి, కాలేజీ మీదికి వస్తుంది. వాడు సజ్దా చేస్తుంటే పొరపాటున ఊదానని చెప్పు. అందరూ అట్లాగే అనుకుంటున్నారు కదా! ముకుందం గారు గౌరవంగా రిటైరవుతారు. ఆయన కుర్చీకి నీ పేరు నేనే రాస్తాను."

ఒక్క మాట. నేను ఆయన మెడలో బిగుసుకుపోయాను. నాలో రెండు ప్రాణాలు కొట్టుకున్నాయి. అనేయవయ్యా, అంటే రోజూ నన్ను ఊదవచ్చు అని ఒకటి. ఇంకొకటి ఏమందో చెప్పడానికి నాకు మాటలు రావు. సువార్త గుర్తొచ్చింది. జుట్టు నెరిసేదాకా చేసిన చాకిరీ గుర్తొచ్చింది. దేవసహాయం టీ ముట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొరపాటే సార్," అన్నాడు.

కరస్పాండెంట్ గారు హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"మొదటి సగంలనే ఊదాల్సింది. అప్పుడు ఊదలే. నోరు మూసుకొని కూసున్న. పిల్లగాన్ని నా చేతుల బెట్టిన తండ్రికి గూడ ఇదే చెప్తా."

ముకుందం సార్ తల ఎత్తి ఒకసారి మా ఆయనను చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు. కరస్పాండెంట్ గారు టీ కప్పు పక్కకు జరిపి, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు.

దేవసహాయం బయటికి వచ్చాడు. మూడో మెట్టు మీద కూర్చుని సువార్తకు ఫోన్ చేశాడు. "కుర్చీ పోయింది, ఉన్న కొలువు గూడ పోయింది" అన్నాడు.

"పిల్లగాడెట్లున్నడు?" అని అడిగింది సువార్త.

"పొద్దున ఇడ్లీ తిన్నడంట."

"అయితే రా. అన్నం చల్లగైతున్నది."

ఇప్పుడు మేం కరీంనగర్ వైపు ఇంకో కాలేజీలో ఉన్నాం. మళ్ళీ అసిస్టెంటే. మళ్ళీ గాలి పంపు, సున్నం డబ్బా, ఇంకెవరో హెడ్ కోచ్ విజిల్. ఆయనలో గర్వంగానీ బాధగానీ నాకు కనిపించవు. భయం మాత్రం కనిపిస్తుంది, ఆ భయం నాకూ అంటుకుంది. సాయంత్రం ప్రాక్టీసులో అందరూ బంతిని చూస్తారు, ఆయన బంతికి దూరంగా ఉన్న పిల్లలను ఒక్కొక్కరినీ చూస్తూ గీత వెంట తిరుగుతుంటాడు. బూటు తాడు కట్టుకోవడానికి ఎవడైనా వంగినా సరే, ఆయన చెయ్యి నా మీదికి వచ్చేస్తుంది. వాడు లేచి నిలబడేదాకా ఆయనకూ నాకూ ఊపిరాడదు.