మీగడ మీద జామ్

పది ఆజ్ఞల్లో పొరుగువాడి భార్య గురించి ఉంది గాని, సొంత భార్య విషయంలో మనసు కుదురుగా లేని మనిషి ఏం చేయాలో లేదు. మా పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను. కాని ఆయనకు పెళ్ళి కాలేదు. పైగా సంగతంతా ఒక స్కోన్ దగ్గర మొదలైందని చెబితే నవ్వుతారు.

మాది టేమార్ నదికి ఇవతలి గట్టు, కార్న్‌వాల్. నది వైపు వాలుగా ఉన్న గట్టు మీద నాకు స్ట్రాబెర్రీ తోట ఉంది. నా భార్య హెస్టర్‌ది అవతలి గట్టు, డెవన్. మధ్యలో రైలు వంతెన. అంత దగ్గరే అయినా స్కోన్ తినే పద్ధతి దగ్గర మాత్రం సముద్రమంత దూరం. స్కోన్ అంటే టీతో తినే గుండ్రటి చిన్న రొట్టె. మేం దాన్ని రెండుగా విప్పి ముందు జామ్ రాస్తాం, దాని మీద మీగడ పెడతాం. వాళ్ళు ముందు మీగడ రాసి, దాని మీద జామ్ పెడతారు. ఎందుకలా అని ఎవరూ అడగరు. అవతలి పద్ధతిలో చేసేవాణ్ణి చూసి మాత్రం అందరూ తల తిప్పుకుంటారు.

పెళ్ళికి ముందు హెస్టర్ మొదటిసారి మా ఊరొచ్చినప్పుడు మిసెస్ కిట్టో టీ గదిలో నేనే నా చేత్తో స్కోన్ విప్పి, నా తోట పళ్ళ జామ్ రాసి, పైన మీగడ పెట్టి ఇచ్చాను. మారు మాట్లాడకుండా తింది. "డెవన్ పిల్లని ఒక్క స్కోన్‌తో మార్చేశాను" అని మందిరంలో ఎన్ని ఏళ్ళు చెప్పుకున్నానో! కోత పండుగ విందులో ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పమని అడుగుతారు, నేను చెబుతాను. అప్పటి నుంచి ప్రతి శనివారం కిట్టో దగ్గర మేమిద్దరం కూర్చుంటే ఆమె స్కోన్ కూడా నేనే రాసి ఇస్తాను. అది మా ఇంటి అలవాటు. ప్రార్థన చేసుకున్నట్టే.

సెప్టెంబరులో తోటకు కట్టిన వల తీస్తుంటే ఇనప తీగ గుచ్చుకుని నా కుడి చెయ్యి కోసుకుపోయింది. ఆ శనివారం కట్టు కట్టుకుని కిట్టో దగ్గర కూర్చున్నాను.

"ఇవాళ నా స్కోన్ నేనే చేసుకుంటాలే," అంది హెస్టర్. "నీది కూడా నేనే చేస్తాను."

నాది సరిగ్గానే చేసింది, జామ్ ముందు. తరవాత కిటికీ లోంచి బయటికి చూస్తూ తన స్కోన్ విప్పింది. చెంచాతో మీగడ తీసి రాసింది. దాని మీద జామ్ పెట్టింది. ఆలోచించకుండా, రోజూ చేసే పనిలా చేసింది. ఆ చేతికి తడబాటు లేదు.

నా స్కోన్ కింద పెట్టేసి ఆమె పళ్ళెం వంకే చూశాను.

హెస్టర్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు కిట్టో టీ కూజాతో వచ్చింది. ఆమె చిన్నా పెద్దా అందర్నీ బంగారం అనే పిలుస్తుంది.

"చూశావా బంగారూ?"

"ఏం చూడాలి?"

"నీ పెళ్ళాం పళ్ళెం. నాకు ఇక్కణ్ణించే కళ్ళు తిరిగాయి. అవతలి గట్టున ఎవడో దొరికాడు, అదీ సంగతి! ఎవడి దగ్గరో టీ తాగుతోంది ఆవిడ."

"నోరు మూసుకో కిట్టో."

"ఊరికే అన్నాను, బంగారూ. మొహం అలా పెట్టకు, పాలు విరుగుతాయి."

ఆమె ఊరికే అంది. నేను ఊరికే వినలేదు. ఎందుకంటే ఆగస్టు నుంచి హెస్టర్ ప్రతి గురువారం రైలెక్కి డెవన్ వెళుతోంది. రెండు గట్ల మందిరాలూ కలిసి కోత పండుగ పాటలు పాడుతున్నాయి, సాధన అక్కడ. ఆ బృందంలో పెద్ద గొంతు రెక్స్ లస్కోంబ్‌ది. నేను కనబడక ముందు హెస్టర్‌ను పెళ్ళాడతానని తిరిగినవాడు వాడే. సాధన మధ్యాహ్నమే అయిపోతుందని విన్నాను. ఆమె మాత్రం సాయంత్రం రైల్లోనే దిగుతుంది. ఇన్నాళ్ళూ నేను అడగలేదు. నమ్మకం అనుకున్నాను. నమ్మకమో, పట్టించుకోకపోవడమో ఇప్పుడు చెప్పలేను.

ఆ వారమంతా ప్రార్థనలో కూర్చుంటే లస్కోంబ్ గొంతే వినిపించింది. హెస్టర్ పొయ్యి దగ్గర ఏదో పాట కూనిరాగం తీస్తే, పెద్ద గొంతు ఎత్తుకోవలసిన చోట ఆగి, ఆ గొంతు కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించేది.

గురువారం ఆమె వెళ్ళిన తరవాతి రైలెక్కాను.

వంతెన దాటి దిగాక ఎక్కడ వెతకాలో తెలియలేదు. ఆ ఊళ్ళో టీ తాగే చోట్లు నాలుగున్నాయి. స్టేషను పక్కన ఒకటి ఉంది, వెళ్ళాను. తలుపులోంచి తొంగి చూసి వచ్చేద్దామనుకుంటే, ఒకామె "ఒక్కరేనా? రండి, రండి" అని కూర్చోబెట్టేసింది. లేచి రాలేకపోయాను. స్కోన్ వచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తిన్నాను. బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది. అక్కడ హెస్టర్ లేదు.

రెండోది ఆపిల్ చెట్ల కింద బల్లలు వేసిన తోట. అక్కడ జంటలు కూర్చుని ఉన్నారు. ప్రతి ఆడమనిషి వీపూ హెస్టర్ వీపులాగే కనబడింది. ఒకామె వెనక నిలబడి ముందుకు వంగి చూశాను. ఆమె భర్త లేచి "ఏమైనా కావాలా?" అన్నాడు. కావాలన్నాను, స్కోన్ కావాలన్నాను. మరో ప్రార్థన, మరో స్కోన్. ఇంకా వేడిగా ఉంది, మీగడ అంచుల్లో కరుగుతోంది. మిసెస్ కిట్టోకి ఈ మాట చెప్పలేను.

మూడోది చర్చి పక్క హాలు. ఊరి ఆడవాళ్ళు వంతులేసుకుని టీ పోస్తారు. తలుపు తీయగానే ఎదురుగా లస్కోంబ్! బట్టతల, పెద్ద పొట్ట, ఎదురుగా ఒక ముసలావిడ. వాళ్ళమ్మ.

"అరే, హెడ్లీ! స్ట్రాబెర్రీల హెడ్లీ! కూర్చో, కూర్చో. అమ్మా, ఈయన హెస్టర్‌ని ఎత్తుకుపోయిన మనిషి."

"మంచి పిల్ల," అంది వాళ్ళమ్మ నా వంక గుర్రుగా చూసి. "నువ్వు ఇంకాస్త ఎత్తుంటావనుకున్నాను."

స్కోన్ వచ్చింది. నా కడుపులో చోటు లేదు. అయినా ప్రార్థన చేశాను.

"హెస్టర్ సాధనకి వచ్చిందా?" అన్నాను మామూలుగా.

"రాకేం? అయితే అయిపోగానే ఒక్క నిమిషం ఆగదు. టీకి రమ్మంటే ఏ వారమూ రాదు. కోటు వేసుకుని పరుగే పరుగు. మేమంతా అనుకుంటాం, ఇంట్లో హెడ్లీ ఎదురుచూస్తుంటాడు అని." లస్కోంబ్ తన స్కోన్ మీద మీగడ రాస్తూ ఆగాడు. "అదృష్టవంతుడివయ్యా. నా కోసం అలా ఎవరూ పరిగెత్తలేదు."

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో ఏముందో నాకు తెలుసు. వారం రోజులుగా అద్దంలో చూస్తున్నదే. నా మీద అసూయ పడే మనిషి ఈ లోకంలో ఒకడున్నాడని తెలిసి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ వెంటనే హాయి పోయింది. లస్కోంబ్ కాకపోతే ఇంకెవరు? పరిగెత్తుకుని ఎక్కడికి వెళుతోంది?

"మీగడ ముందు రాయవయ్యా, ఇక్కడ ఎవరూ చూడరులే," అంది వాళ్ళమ్మ. వినకుండా జామే ముందు రాసి, గబగబా తినేసి లేచాను.

ఇక మిగిలింది ఒక్కటే. నది ఒడ్డున, పాత మిల్లు పక్కన, తెల్లగోడల ఇల్లు. మా తోటలో నిలబడి తలెత్తితే నదికి అవతల కనబడేది అదే. ఎవరో అక్కడ టీ గది పెట్టారని విన్నాను. పని చేస్తూ ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ పట్టించుకోలేదు. చెమటలు కక్కుతూ, మూడు స్కోన్ల బరువుతో ఆ దారిన దిగాను. దారిలో దేవుణ్ణి ఒకటే అడిగాను, ఆ మనిషి చెడ్డవాడై ఉండాలని. మంచివాడైతే నేనేం చేయను?

కిటికీలోంచి చూశాను. నది వైపు బల్ల దగ్గర హెస్టర్ ఉంది. పళ్ళెంలో సగం తిన్న స్కోన్, మీద ఎర్రటి జామ్. బూట్లు విప్పి కాళ్ళు పక్కకు పెట్టుకుంది. ఎదురుగా కుర్చీ ఉంది. ఖాళీగా ఉంది.

ఎవరో లేచి వెళ్ళారేమో, వస్తారేమో అని కాసేపు నిలబడ్డాను. బల్ల మీద ఒకటే కప్పు. ఎవరూ రాలేదు. ఆమె కిటికీ లోంచి దేన్నో చూస్తోంది, మొహంలో చిన్న నవ్వు. పెళ్ళైన కొత్తలో చూశాను ఆ నవ్వు. ఒక మగాడు కూర్చుని ఉన్నా బాగుండేది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలిసేది. ఒక ఖాళీ కుర్చీ మీద పడి కొట్టలేను కదా.

లోపలికి వెళ్ళాను. టీ ఇచ్చే అమ్మాయి "హెట్టీ, ఇంకా వేడినీళ్ళు కావాలా?" అంటోంది. హెట్టీ! నాతో ఉన్న ఇన్నేళ్ళలో ఆమెకు ఆ పేరుందని నాకు తెలియదు. ఆ అమ్మాయి మీద కూడా మండింది.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అన్నాను కుర్చీ పట్టుకుని.

హెస్టర్ ఉలిక్కిపడింది. "అయ్యో, హెడ్లీ! ఏమైంది? చెయ్యి బాగాలేదా?"

"చెయ్యి బాగానే ఉంది. ఎవరితో టీ తాగుతున్నావో చూద్దామని."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. చొక్కా మీద స్కోన్ పొడి ఎక్కడెక్కడ పడిందో అంతా చూసింది.

"ఎన్ని చోట్ల వెతికావు?"

"మూడు."

"మూడు చోట్లా తిన్నావా?"

"తిన్నాను."

"ప్రార్థన చేశావా?"

"మూడుసార్లూ."

ఆమె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది.

"కూర్చో," అంది చివరికి. "కానీ నా స్కోన్ మీద చెయ్యి వెయ్యకు."

కూర్చున్నాను. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మొదటిసారే చెప్పాల్సింది. నువ్వెంత మురిపెంగా రాసిచ్చావో! నోరు రాలేదు. రెండోసారికే ఆలస్యమైపోయింది. ఆ తరవాత మందిరంలో కథలు చెప్పడం మొదలుపెట్టావు."

"అంటే నా జామ్ నీకు..."

"నీ జామ్ అంటే ఇష్టమే. మీగడ కింద కనబడదు, పైన ఉంటే కనబడుతుంది. అంతే, హెడ్లీ. ఇంతకీ లస్కోంబ్ అనుకున్నావా?"

చొక్కా మీది పొడి దులుపుకున్నాను.

"ఆ పొట్టతోనా!" అంది. ఆమె గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. ఉండాలి కూడా.

"మరి దేన్ని చూసి నవ్వుతున్నావు? బయటినుంచి చూశాను."

హెస్టర్ కిటికీ వైపు చూపించింది. నది, నదికి అవతల మా గట్టు, వాలులో మా తోట. వరసలు వరసలుగా, ఎవరో దువ్విన తలలా ఉంది. ఇటునుంచి నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కణ్ణించి నువ్వు కనబడతావు," అంది. "ఆ నీలం టోపీ పెట్టుకుని, వంగి, తీగలు కత్తిరిస్తూ. ఒక వరస అయ్యాక నడుం పట్టుకుని ఆకాశం వంక చూస్తావు. నాకు తెలియనివాడిలా ఉంటావు. ఎవరో మంచి మనిషి, ఎవరి భర్తో అనుకుంటాను. ఇవాళ టోపీ కనబడలేదు. ఏమయ్యాడా అని చూస్తున్నాను, ఒకప్పుడు వరసలకి అడ్డంపడి గాడిదని తరిమావు, అది గుర్తొచ్చి నవ్వాను."

ఆమె తన పళ్ళెంలోని మిగతా సగం నా వైపు జరిపింది. కింద మీగడ, మీద జామ్. కడుపు ఒద్దంటున్నా తిన్నాను. దాని రుచి ఎలా ఉందో ఇక్కడ రాయను.

"వచ్చే గురువారం నేను కూడా వస్తాను," అన్నాను.

ఆమె కిటికీలోంచి మా తోట వంక చూసింది.

"ఒద్దు," అంది. "నువ్విక్కడ కూర్చుంటే అక్కడ ఎవరుంటారు?"

శనివారం కిట్టో దగ్గర నా కట్టు విప్పిన చేత్తో స్కోన్ విప్పాను. "ఏది ముందు రాయను?" అని అడిగాను. కిట్టో కూజా పట్టుకుని ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. "ఇక్కడ జామే," అంది హెస్టర్. జామ్ రాశాను, ఎప్పటికన్నా మందంగా. ఆమె బాగుందంది. నమ్మాలో ఒద్దో తెలియక నేను ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.

గురువారం వచ్చింది. రైలు వంతెన దాటడం చూసి నీలం టోపీ పెట్టుకుని తోటలోకి దిగాను. అవతల తెల్లగోడల వైపు తలెత్తలేదు. అయినా వీపు మీద ఆమె చూపు ఉందని తెలుస్తూనే ఉంది. ఆ చూపు నా మీద కాదు, ఆమెకు తెలియని ఆ మంచి మనిషి మీద. రాత్రి భోజనం దగ్గర నన్నెప్పుడైనా అలా చూస్తుందా? వాడికేం, మాట్లాడడు, మందిరంలో కథలు చెప్పడు, ఎవరి స్కోన్ మీదా చెయ్యి వెయ్యడు. ఒక అసూయ పోవాలని ప్రార్థిస్తే ప్రభువు ఇంకొకటి ఇచ్చాడా అని అనుమానం వచ్చింది.

వరస అయిపోయింది. నడుం పట్టుకున్నాను. నిజానికి నొప్పి లేదు. అయినా ఆకాశం వంక చూశాను, వాడు చూసేటట్టే.